నరసాపురం లేసు ఎగుమతి: ఏజెంటుకా, సొంతంగానా? డబ్బు ఏ సర్టిఫికెట్ మీద పెట్టాలి?

సంక్రాంతికి మొగల్తూరు నుంచి మా పిన్ని కూతురు వచ్చింది. చేతిలో అరిసెల డబ్బా, చంకలో ఒక ప్లాస్టిక్ కవరు. కవరులో మూడు లేసు పువ్వులు. ఫోన్‌లో రెండు మెసేజీలు. తనది ఇరవై ఆరు మంది ఆడవాళ్ళ గ్రూపు. ఇన్నాళ్ళూ ఏజెంటు దారం తూచి ఇస్తాడు, వీళ్ళు అల్లి ఇస్తారు, అంతే. ఇప్పుడొక ఎక్స్‌పోర్టరు "ఆర్గానిక్ సర్టిఫికెట్ తెచ్చుకోండి, ఆర్డరు నేరుగా మీకే ఇస్తాను" అన్నాడట. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడేమో "అవన్నీ ఎందుకు అత్తా, ఎట్సీలో పెట్టేద్దాం" అంటున్నాడు. ఎట్సీ అంటే చేతిపని సరుకు అమ్ముకునే ఆన్‌లైన్ బజారు. "అక్కా, నువ్వు ఇన్నేళ్ళ నుంచి ఈ లెక్కల్లోనే ఉన్నావు కదా, ఏది చెయ్యమంటావు?" అని కూర్చుంది.

కనుమ నాడు మొదలైన మాట ముక్కనుమ దాటినా తేలలేదు. పాలకొల్లులో, రాజోలులో, సఖినేటిపల్లిలో ఇదే ప్రశ్న అడుగుతున్న గ్రూపులు ఇంకా ఉన్నాయి కాబట్టి తనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు గడియారం పెట్టండి

ఏ దారి మంచిదో తేల్చేముందు ఒక పని చెయ్యాలి. ఇది చెయ్యకుండా ఎవరెన్ని సలహాలిచ్చినా గాలిలో మేడలే.

నేను మా అత్తగారి పక్కన ఫోన్‌లో టైమర్ పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ నలభై ఏళ్ళుగా అల్లుతున్నారు, సూది చూడకుండానే అల్లగలరు. పొద్దున్న వీధి అరుగు మీద ఒక పువ్వు ఇరవై రెండు నిమిషాల్లో అయిపోయింది. సాయంత్రం లైటు కింద అదే పువ్వు ముప్పై ఒకటి పట్టింది. మధ్యలో రెండుసార్లు వరస విప్పారు. "ఏంటమ్మాయ్, పరీక్ష పెడుతున్నావా?" అన్నారు. పరీక్షే, కాకపోతే ఆవిడకు కాదు, నా ధరల పట్టికకు.

లెక్క ఇలా వేసుకోండి. ఒక బల్ల గుడ్డకు 64 పువ్వులు, సగటున పువ్వుకు 25 నిమిషాలు అనుకుందాం. అంటే 1,600 నిమిషాలు. అతుకు పనికి ఐదు గంటలు, అంచుకు మూడు, ఉతుకు, గంజి, ఇస్త్రీకి ఒకటి. మొత్తం 2,140 నిమిషాలు, దాదాపు 36 గంటలు. ఆ గుడ్డకు అల్లినవాళ్ళందరికీ కలిపి 900 రూపాయలు ముడితే గంటకు 25 రూపాయలు పడినట్టు. పువ్వుకు ఇంత అని చెప్పినప్పుడు ఎవరికీ తట్టని సంగతి గంటల్లోకి మార్చగానే ఎదుట నిలబడుతుంది.

ఈ అంకె దగ్గర పెట్టుకుని మన ఊళ్ళో రొయ్యల షెడ్డు కూలి చూడండి. భీమవరం చుట్టుపక్కల షెడ్లలో తల తీసే పనికి వెళ్ళేవాళ్ళలో లేసు వదిలేసి వెళ్ళినవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళ సంగతి సరే సరి. షెడ్డులో చేతులు చల్లబడిపోతాయి, నిలబడి నడుం పోతుంది, అయినా వెళ్తున్నారు. గంటకు వచ్చేది ఎక్కువ గనక.

విదేశీ కొనుగోలుదారులు "సస్టైనబిలిటీ" అన్నప్పుడు మనవాళ్ళకు వెంటనే ఆర్గానిక్ పత్తి, రీసైకిల్ కవర్లు గుర్తొస్తాయి. నా మటుకు లేసులో నిలకడ అంటే వచ్చే ఏడు కూడా ఈ ఇరవై ఆరు మందీ అల్లుతూ ఉండటం. పోటీలో నిలవడం కూడా అదే. ఎందుకంటే క్రోషా అల్లికను ఫ్యాక్టరీ మిషను చెయ్యలేదు. మిషను లేసు ఉంది, క్రోషాలా కనిపించేలా నేసే మిషన్లూ ఉన్నాయి, కానీ సూదితో కన్నంలోంచి కన్నం తీసే అసలు క్రోషా ఇప్పటికీ మనిషి చేతే. అంటే మీ ఆస్తి దారమూ కాదు, డిజైనూ కాదు. ఆ చేతులు వెళ్ళిపోతే ఏ సర్టిఫికెట్టూ ఆర్డరు పూర్తి చెయ్యదు.

మూడు దారులు, ఒక దూరపు దారి

మొదటిది పాత దారే: ఏజెంటు లేదా ఊళ్ళో ఎక్స్‌పోర్టరు. ఏజెంటును తిట్టడం మనకు అలవాటు. నేనూ తిట్టాను. కానీ ఆయన మోసే బరువు ఒకసారి చూడండి. దారం పెట్టుబడి ఆయనది, సరుకు తిరిగొస్తే నష్టం ఆయనది, విదేశీ డబ్బు నాలుగు నెలలు ఆలస్యమైతే వడ్డీ ఆయనది. కాబట్టి గ్రూపు దగ్గర చేతిలో మూడు నెలల దారానికి, కూలికి సరిపడా డబ్బు లేకపోతే ఈ దారి వదలొద్దు. మార్చాల్సింది ఏజెంటును కాదు, ఆయనతో మాట్లాడే తీరును. దారం తూకం, సరుకు తూకం రెండూ మీ పుస్తకంలోనూ రాయించండి. అతుకు పనికి, అంచుకు విడివిడిగా రేటు అడగండి. అన్నీ కలిపి ఒక్క రేటు మాట్లాడితే నష్టం చివర అతికే మనిషి మీద పడుతుంది.

రెండోది నేరుగా ఎగుమతి. కాగితాలు మనవాళ్ళు భయపడేంత కష్టం కావు. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ దగ్గర ఐఈసీ అనే ఎగుమతి, దిగుమతి నంబరు ఆన్‌లైన్‌లోనే వస్తుంది, ఫీజు 500 రూపాయలు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వివరాలు ఒకసారి ఖాయం చెయ్యాలి. మర్చిపోతే నంబరు ఆగిపోతుంది, అప్పుడు పార్సిల్ కస్టమ్స్‌లో కూర్చుంటుంది. జీఎస్టీలో ఎల్‌యూటీ అనే హామీ పత్రం పెట్టుకుంటే పన్ను కట్టకుండానే పంపొచ్చు. హస్తకళల ఎగుమతి ప్రోత్సాహక మండలిలో చేరితే ఢిల్లీ మేళాలకు దారి దొరుకుతుంది. డబ్బు ఎగ్గొట్టే కొనుగోలుదారు నుంచి కాపాడుకోవడానికి ఈసీజీసీ బీమా ఉంది, మొదటి ఆర్డరు నుంచే తీసుకోండి.

ఇక్కడ చాలామంది తప్పు చేసేది కస్టమ్స్ కోసం సరుకుకు వేసే హెచ్ఎస్ కోడ్ దగ్గర. తానుల్లో అమ్మే చేతి లేసుకు 5804 30. క్రోషా బల్ల గుడ్డకు 6302 40. మంచం మీద పరిచే క్రోషా దుప్పటికి 6304 11. అదే క్రోషా టాప్ అయితే 61వ అధ్యాయం. మన కంటికి అన్నీ ఒకే లేసు, ఒకే చెయ్యి. కాగితం మీద మాత్రం మనకొచ్చే రాయితీ పథకం మారిపోతుంది, అవతలి దేశం వేసే సుంకమూ మారిపోతుంది. మంచి కస్టమ్స్ బ్రోకర్‌కు ఇచ్చే డబ్బు దండగ కాదు.

కష్టమంతా కాగితాల్లో కాదు, కొనుగోలుదారు దొరకడంలో, దొరికాక వంద ముక్కలూ ఒకే కొలతలో రావడంలో ఉంది. ఇరవై ఆరు చేతులు అంటే ఇరవై ఆరు బిగువులు. ఒకావిడ గట్టిగా లాగి అల్లుతుంది, ఇంకొకావిడ వదులుగా. అంగుళంలో ఎనిమిదో వంతు తేడా ఒక పువ్వులో కనపడదు, అరవై నాలుగు అతికితే గుడ్డ ఒక మూల లేచి నిలబడుతుంది. నేరుగా ఎగుమతికి దిగేముందు అట్టముక్క మీద పువ్వు కొలత గీసి ఇంటింటికీ ఒకటి ఇవ్వండి. పైసా ఖర్చు లేని ఈ అట్టముక్క నాకు చేసినంత మేలు ఏ శిక్షణా చెయ్యలేదు.

మూడోది మేనల్లుడి దారి. ఆన్‌లైన్‌లో చిల్లరగా అమ్మడం. ఒక్కో ముక్క మీద మిగిలేది ఇందులోనే ఎక్కువ. పోస్టాఫీసులో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు వచ్చాక చిన్న పార్సిల్ పంపడం సులువైంది కూడా. కానీ 2025 ఆగస్టు గుర్తుందిగా. ఆ నెల 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి వెళ్ళింది. రెండు రోజులకే, అంటే 29న, 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపు తీసేశారు. అంతకుముందే 25 నుంచి మన తపాలా శాఖ అమెరికా పార్సిళ్ళు తీసుకోవడం ఆపేసింది, మళ్ళీ తీసుకున్నది అక్టోబరు 15న. క్రిస్మస్ అమ్మకాలకు సరుకు వెళ్ళాల్సిన రోజులవి. మన జిల్లాలో అయితే ఒకే ఇంట్లో మగాయన రొయ్యల చెరువూ ఆడావిడ లేసూ ఒకే దెబ్బకు కుదేలయ్యాయి. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే అదే.

అందుకని ఆన్‌లైన్ వద్దనను. మొత్తం సరుకులో ఐదో వంతు మించి దాని మీద, అదీ ఒకే దేశం మీద పెట్టొద్దంటాను. ఫోటోలు తీసేవాళ్ళు, ఇంగ్లీషులో రోజూ జవాబిచ్చేవాళ్ళు ఇంట్లో ఉంటేనే మొదలుపెట్టండి. మేనల్లుడు వారాంతంలో చూస్తానంటే కుదరదు. కొన్నావిడ బుధవారం అడుగుతుంది.

ఇక దూరపు దారి, లేసు మానేసి కుట్టు మిషన్లు పెట్టి రెడీమేడ్ బట్టల్లోకి వెళ్ళడం. ప్రతి సభలోనూ ఎవరో ఒకరు బంగ్లాదేశ్ పేరు ఎత్తుతారు కాబట్టి చెబుతున్నాను. 2024-25లో మన దేశం మొత్తం ఎగుమతి చేసిన రెడీమేడ్ బట్టలు సుమారు 16 బిలియన్ డాలర్లవి. బంగ్లాదేశ్ ఒక్కటే సుమారు 39 బిలియన్లు. వాళ్ళు ఆ స్థాయికి పెద్ద ఫ్యాక్టరీలతో, యూరప్‌లో సుంకం లేని ప్రవేశంతో వెళ్ళారు. 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా కూలి 1,134 మంది పోయాకే అక్కడ భవనాల భద్రతను గట్టిగా పట్టించుకున్నారు. తర్వాత పర్యావరణ ధ్రువీకరణ ఉన్న ఫ్యాక్టరీలు కట్టడంలోనూ ముందుకు వెళ్ళారు. మన రాష్ట్రంలో ఆ లెక్కలో పోటీ పడాలంటే అచ్యుతాపురంలో బట్టలు తయారుచేసే బ్రాండిక్స్ పార్కులా వెయ్యి ఎకరాలు కావాలి. ఇరవై మిషన్లతో పాలకొల్లు షెడ్డులో టీషర్టు కుట్టి వాళ్ళతో పోటీ పడతామనుకోవడం గోదారికి ఎదురీదడమే. వద్దు.

మిషను బట్టకు లేసు చేర్చడం మాత్రం వేరే సంగతి. పిల్లల ఫ్రాకుకు క్రోషా యోకు, అంటే ఛాతీ మీది ముక్క; కాటన్ టాప్‌కు భుజం దగ్గర లేసు పట్టీ. గంటల లెక్కలో ఇది బల్ల గుడ్డ కంటే ఎప్పుడూ మెరుగే. యోకు అల్లడానికి మూడు గంటలు పడితే, ఆ మూడు గంటలు మొత్తం ఫ్రాకు ధరను పైకి లాగుతాయి. బల్ల గుడ్డలో 36 గంటలు ఒకే ధరలో దాక్కుంటాయి. పైగా ఈ రోజుల్లో బల్ల మీద లేసు గుడ్డ పరిచే ఇళ్ళు ఏ దేశంలో పెరుగుతున్నాయి చెప్పండి?

సర్టిఫికెట్లు: ఏది దేనికి

ఇక మా చెల్లెలి అసలు ప్రశ్న. అమ్మేవాళ్ళు అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఒక్కోటీ చెప్పేది ఒక్కో సంగతి.

గాట్స్ అంటే ఆర్గానిక్ ప్రమాణం. "ఆర్గానిక్" అని లేబుల్ వెయ్యాలంటే కనీసం 95 శాతం ఆర్గానిక్ పీచు ఉండాలి, "ఆర్గానిక్‌తో చేసినది" అనడానికి కనీసం 70. పత్తి ఒక్కటే చూస్తారనుకోకండి. నూలు వడికిన మిల్లు, రంగు వేసిన చోటు, అల్లిన చోటు, అమ్మినవాడు, గొలుసులో ప్రతి కొక్కేనికీ సర్టిఫికెట్ ఉండాలి. క్లోరిన్‌తో తెల్లబరచడం నిషేధం, పెరాక్సైడ్ లాంటి ఆక్సిజన్ రకమే వాడాలి. మన దగ్గర బ్లీచింగ్ పౌడర్‌తో ఉతికించే అలవాటు చూశారుగా, మొదటి తనిఖీలోనే ఆగిపోతాం. ఇరవై ఆరు ఇళ్ళలో పని జరిగే గ్రూపు సొంతంగా గాట్స్‌కు వెళ్ళడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. ఎక్స్‌పోర్టరుకు గాట్స్ కావాలంటే ఆయనే తీసుకుని, మిమ్మల్ని తన కింద పని చేసే యూనిట్‌గా చూపించమనండి. ఖర్చు ఆయనది, లేబులూ ఆయనదే కదా.

ఓకో టెక్స్ స్టాండర్డ్ 100 వేరే. పత్తి ఎలా పండిందో దానికి అక్కర్లేదు. తయారైన వస్తువులో ఒంటికి హాని చేసే రసాయనాలున్నాయా లేవా అని ల్యాబులో చూస్తుంది. మూడేళ్ళ లోపు పిల్లల వస్తువులు మొదటి తరగతి, చాలా కఠినం. ఒంటికి తగిలే బట్టలు రెండో తరగతి. బల్ల గుడ్డలు, కర్టెన్లు నాలుగోది. సర్టిఫికెట్ ఏడాదికి ఒకసారి మళ్ళీ తీసుకోవాలి. పిల్లల ఫ్రాకులకు వెళ్తున్నారంటే కొనేవాళ్ళు అడిగేది ఎక్కువగా ఇదే.

చిన్న గ్రూపుకు నా సలహా, ఈ సర్టిఫికెట్ ఉన్న దారం కొనండి, బిల్లు, సర్టిఫికెట్ కాపీ దాచండి. రంగు దారమైతే ఇంకా జాగ్రత్త. హానికరమైన అమైన్లుగా విడిపోయే అజో రంగులకు యూరప్‌లో పరిమితి కిలోకు 30 మిల్లీగ్రాములు. దాటితే సరుకు వెనక్కే. దారం కిలోకు కొంత ఎక్కువ పెట్టినా ల్యాబు ఖర్చు కంటే, తిరిగొచ్చిన పెట్టె కంటే చవకే. కొన్న దారం సర్టిఫికెట్ చూపించి "మా ఫ్రాకుకు ఓకో టెక్స్ ఉంది" అని మాత్రం రాయొద్దు. దారానికి ఉంది, ఫ్రాకుకు లేదు. ఆధారం లేని పచ్చదనపు మాటల మీద యూరప్ కొత్త చట్టం 2026 సెప్టెంబరు 27 నుంచి అమల్లోకి వచ్చేలా పెట్టింది. అందుకే అక్కడి కొనుగోలుదారులు ఇప్పుడు ప్రతి పదానికీ కాగితం అడుగుతున్నారు.

తర్వాత సోషల్ ఆడిట్లు, అంటే పనివాళ్ళను ఎలా చూస్తున్నారో తనిఖీ చేసేవి. సెడెక్స్ వాళ్ళ స్మెటా, ఎస్ఏ 8000 లాంటివి ఫ్యాక్టరీని దృష్టిలో పెట్టుకుని చేసినవి. అరుగు మీద అల్లికకు అవి అతకవు. ఇంటి పనివాళ్ళ కోసం ప్రత్యేకంగా అమెరికాలోని నెస్ట్ అనే సంస్థ ఒక ముద్ర ఇస్తుంది, పెద్ద బ్రాండు మీతో పని చేస్తానంటే దాని గురించి అడగండి. ఏ ఆడిటైనా రెండు ప్రశ్నలు తప్పవు: కూలి ఎవరికి ఎంత ఇచ్చారో రాతపూర్వకంగా ఉందా, పిల్లలు పని చేస్తున్నారా. రెండోది మనకు చిక్కు. మా తరమంతా బడి నుంచి వచ్చి అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నాం. నేర్పడం వేరు, ఆర్డరు సరుకు పిల్లలతో అల్లించడం వేరు. గీత ఎక్కడుందో గ్రూపులో ముందే గట్టిగా మాట్లాడుకోవాలి.

చివరగా మనది. నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల్లో 19 మండలాలు దాని పరిధి. ఆ మండలాల్లో అల్లేవాళ్ళు ఆథరైజ్డ్ యూజర్‌గా నమోదు చేయించుకుంటేనే ఆ ముద్ర వాడుకోవచ్చు. నరసాపురంలో రుస్తుంబాద లేసు పార్కుకు వెళ్ళి అడిగితే వివరాలు చెబుతారు. చిన్న గ్రూపు మొదట తీసుకోవాల్సింది ఇదే అని నా అభిప్రాయం. విదేశాల్లో చట్టపరంగా దానికి అదే బలం ఉండదు, నిజమే. కానీ కథ చెప్పి అమ్మే సరుకుకు ఊరి పేరే సగం బలం.

పేరు పోతే ఏమవుతుందో మనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నరసాపురం రేవు దగ్గర మాధవాయిపాలెంలో 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. ఇక్కడి మెత్తటి నూలు గుడ్డ "మడపోలం" అనే పేరుతో ఇంగ్లండు వెళ్ళింది. తర్వాత అదే పేరుతో అక్కడి మిల్లులే నేసి అమ్ముకున్నాయి. ఇప్పటికీ ఎంబ్రాయిడరీ గుడ్డల పట్టికల్లో ఆ మాట కనిపిస్తుంది. పేరు మనది, అమ్మకం వాళ్ళది. సఖినేటిపల్లి వెళ్ళడానికి పంటు కోసం నిలబడ్డప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

తేమ సంగతి

ఏ పట్టికలోనూ ఉండని ఒక విషయం. ఒక శ్రావణంలో నలభై తెల్ల గుడ్డలు ఉతికి, ఆరాయనుకుని, గంజి పెట్టి, పాలిథిన్ కవర్లలో సర్దేశాను. వానలకు పెట్టెలు పది రోజులు గదిలో ఉండిపోయాయి. అవతల తెరిచిన కొనుగోలుదారు ఫోటో పంపారు: మడతల్లో బూడిద రంగు చుక్కలు, నిలువునా. బూజు. గంజి దానికి తిండి, కవరు దానికి ఇల్లు. తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు. ఆ సరుకు డబ్బు రాలేదు, అల్లినవాళ్ళకు మాత్రం మా బంగారం కుదువ పెట్టి ఇచ్చాం.

అప్పటి నుంచి వానాకాలంలో గంజి పెట్టను, అవతల ఇస్త్రీ చేసుకోమని ముందే రాస్తాను. కాగితంలో చుట్టి, తేమ పీల్చే సంచులు వేసి, ఆ తర్వాతే అట్టపెట్టె. ప్లాస్టిక్ తగ్గించామని కొనుగోలుదారు మెచ్చుకున్నారు. మనం చేసింది బూజు భయంతో, వాళ్ళ నివేదికలో అది పర్యావరణ ప్రేమ అయింది. కాదనడమెందుకు?

ఇంకో మాట, ఉతికిన బ్లీచింగ్ నీళ్ళు పంట కాలువలోకి వదలొద్దు. కింద చెరువు ఎవరిదో కాదు, గ్రూపులోనే ఒకావిడ మొగుడిది అయి ఉంటుంది.

మా చెల్లెలికి చెప్పింది

ఈ ఏడాదికి ఏజెంటు దగ్గరే ఉండమన్నాను, కానీ రేటు గంటల లెక్కతో మాట్లాడమన్నాను. భౌగోళిక గుర్తింపు ముద్ర కోసం నమోదు ఇప్పుడే చేయించుకోమన్నాను. గాట్స్ అడిగిన ఎక్స్‌పోర్టరుకు ఓకో టెక్స్ దారంతో అల్లిన ఆరు యోకులు నమూనాగా పంపమన్నాను, సర్టిఫికెట్ గొలుసు ఆయన చూసుకుంటే సరే, లేకపోతే వద్దు. మేనల్లుడికి పది ముక్కలు ఇచ్చి ఫోటోలు తీయించమన్నాను, అమ్ముడుపోతే చూద్దాం.

మొన్న ఫోన్ చేసింది. గ్రూపులో అందరికీ టైమర్ పెట్టిందట. పువ్వుకు సగటు ఇరవై తొమ్మిది నిమిషాలు తేలింది. ఆ కాగితం పట్టుకుని ఏజెంటు దగ్గరకు వెళ్తే ఆయన చాలాసేపు చూసి, "గడియారం పెట్టమని మీకెవరు చెప్పారమ్మా?" అన్నాడట. అంచు రేటు పెంచాడు, పువ్వు రేటు తర్వాత మాట్లాడదాం అన్నాడు. నమూనా యోకులు నాలుగు అయ్యాయి. ఐదోది అల్లాల్సినావిడ ఈ వారం రొయ్యల షెడ్డుకు వెళ్ళింది.